మానుకోటలో తీసిన గడ్డ

భూపాలపల్లి నుంచి మామూ తెచ్చిన ఎక్స్‌రే మా అమ్మీది కాదని నేను పదిహేను రోజులు గట్టిగా నమ్మాను.

నమ్మడానికి కారణాలు ఉన్నాయి. మామూ అమ్మీకి తమ్ముడు. బొగ్గుబావిలో పని. నాలుగు రోజులు ఉండి వస్తానని అమ్మీ వాళ్లింటికి పోయింది. అక్కడ దగ్గు ఆగకపోతే, ఊరుకోలేక మామూ ఛాతీ ఫోటో తీయించాడు. ఆ ఎక్స్‌రే సెంటరుకు వచ్చేవాళ్లలో సగం మంది బావిలో దిగేవాళ్లే. ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చినవాళ్ల ఫిల్ముల మధ్య మా అమ్మీ ఫిల్ము. కవరు మీద పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. ఆ పేరు మావాళ్లలో రెండిళ్లకొకరికి ఉంటుంది. ఫిల్ములో రెండు వైపులా గుండ్రటి తెల్లని మచ్చలు, కొన్ని శనగ గింజంత, కొన్ని రేగుపండంత. అవి ఉన్న మనిషి మంచం మీద ఉండాలి కదా. అమ్మీ ఆ రోజు పొద్దున్నే రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేసింది.

అన్నిటికంటే పెద్ద కారణం తాయెత్తు. అమ్మీ మెడలో వెండి తాయెత్తు ఉంటుంది, స్నానానికి కూడా తీయదు. ఫిల్ములో ఎంత వెతికినా తాయెత్తు నీడ లేదు.

ఇవన్నీ డైరీలో వరుసగా రాసుకుని, కింద "ఫిల్ము మారింది" అని రాసి గీత గీశాను. ఎవరితోనూ అనలేదు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న రోజులవి. చుట్టాలొస్తే చాయ్ గ్లాసులు పెట్టేసి లోపలికి పోయేదాన్ని. జనగామ గ్రంథాలయంలో కూడా, పుస్తకం పేరు నోటితో చెప్పలేక కాగితం మీద రాసి ఇచ్చేదాన్ని.

జనగామలో మళ్లీ ఎక్స్‌రే తీయించారు. నేను పక్కనే ఉన్నాను. ఫోటో తీసే అతను యంత్రం సర్దుకుంటూ అన్నాడు, "మెడల ఏమున్నా తియ్యమ్మా."

అమ్మీ తాయెత్తు విప్పి నా చేతిలో పెట్టింది. "భూపాలపల్లిల గూడ గిట్లనే తీయిచ్చిండ్రు. ఇదుంటే మిషినికి ఏం గనవడదట."

అరగంట తర్వాత తడి ఫిల్ము వెలుగులో పట్టుకుని చూశాను. అవే మచ్చలు, అవే చోట్లు.

జనగామ డాక్టరు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి, టీబీ లెక్కనే ఉందన్నాడు. తెమడ పరీక్ష మూడుసార్లు చేశారు. మూడుసార్లూ క్రిమి కనిపించలేదు. "కనవడకపోయినా ఉంటది" అని మాత్రలు మొదలుపెట్టాడు. ఆరు నెలలు వాడితే తగ్గిపోతుందన్నాడు. ఆ మాట ఇంట్లో అందరికీ నచ్చింది. టీబీ అయితే దానికి ఒక లెక్క, ఒక ముగింపు ఉన్నాయి. టీబీ కాకపోతే ఏమిటనేది ఎవరూ పైకి అనలేదు. నాకు మాత్రం డైరీలో ఆ ప్రశ్నే రోజూ ముందుకొచ్చేది. జ్వరం లేదు. ఆకలి తగ్గలేదు. మనిషి చిక్కిపోలేదు. మాత్రలు మొదలుపెట్టాకే వాంతులు, నీరసం. రోగం కంటే మందే ఆమెను ఎక్కువ పట్టి పీడిస్తోందని నా అనుమానం.

అసెంబ్లీలో రాష్ట్రం బిల్లు గురించి కొట్లాట నడుస్తున్న చలికాలం అది. మా అబ్బా దర్జీ. స్టేషన్ రోడ్డులో చిన్న దుకాణం. ఆ రోజుల్లో పెళ్లి బట్టల కంటే జెండాలే ఎక్కువ కుట్టాడు. ర్యాలీ పోతుంటే మిషన్ ఆపి, గుమ్మంలో నిలబడి, తను కుట్టిన జెండా ఎవరి చేతిలో ఉందో చూసుకునేవాడు. "కుట్టు ఊడలేదు చూడు" అని నాకు చూపించేవాడు. అలాంటి మనిషిని అనుమానించే రోజు వస్తుందని నేను ఎక్కడా రాసుకోలేదు.

రెండు నెలల మాత్రల తర్వాత మూడో ఎక్స్‌రే. మచ్చలు తగ్గలేదు సరికదా, ఒకటి రెండు కొంచెం పెరిగినట్టున్నాయి. జనగామ డాక్టరు మొహం మారింది. హన్మకొండ పోయి సీటీ స్కాన్ తీయించుకోమని చీటీ రాశాడు.

హన్మకొండలో స్కాన్ చూసే డాక్టరు ఒక ఆవిడ. నోరు తెరవగానే కోస్తా వాళ్లని తెలిసిపోయింది. అబ్బా నా చెవి దగ్గర వంగి, "గీమె మనకు నిజం జెప్తదా?" అన్నాడు. ఆ రోజుల్లో అందరం అట్లాగే ఉన్నాం. బస్సులో పక్క సీటు మనిషి యాస వినిపిస్తే, ఎక్కడివాడో తేల్చుకున్నాకే మాట్లాడేవాళ్లం. సినిమాల్లో మా మాటను ఎక్కిరించి నవ్వినవాళ్ల మాటనే ఆమెదీ. నాకూ నమ్మకం కలగలేదు.

ఆమె కంప్యూటరు తెర మా వైపు తిప్పింది. ఊపిరితిత్తులు నల్లగా, వాటిలో తెల్లని గుండ్లు.

"ఇవి ఊపిరితిత్తుల్లో పుట్టినవి కావమ్మా. ఎక్కడో పుట్టి, రక్తంలో కొట్టుకొచ్చి ఇక్కడ దిగినట్టున్నాయి. అంచులు చూడండి, ఎంత నున్నగా ఉన్నాయో. టీబీ అయితే సాధారణంగా ఇంత శుభ్రంగా ఉండదు."

"అంటే నాన్‌లోకల్ గాళ్లన్నట్టు" అంది అమ్మీ.

అబ్బా ఆమె మోచేయి పట్టుకున్నాడు. డాక్టరమ్మ అమ్మీ వైపు చూసి నవ్వింది. "అవునండీ. నాలాగే."

అమ్మీ కూడా నవ్వేసింది. "మిమ్ములను అనలేదు మేడమ్."

"అన్నా ఏం కాదు. ఇప్పుడు చెప్పండి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలియాలి. ఒంట్లో ఎక్కడైనా ఇంతకుముందు గడ్డ తీయించారా? రొమ్ములో, గర్భసంచిలో, మెడలో?"

"లేదు మేడమ్."

"ఏం లేదు" అన్నాడు అబ్బా. "కాన్పు తప్ప ఆమెకు దవాఖానే తెల్వది."

అబద్ధం ఇంత మామూలుగా ఉంటుందని నాకు తెలియదు. అమ్మీ మర్చిపోయిందేమో, కానీ అబ్బా కళ్లు నేల మీద పలకలను లెక్కపెడుతున్నాయి. నేను వాళ్ల వెనక నిలబడి ఉన్నాను. చెప్పాలి. గ్రంథాలయంలో లాగానే, సంచిలో ఉన్న కాగితం మీద రాసి, ముందుకు జరిగి, బల్ల మీద పెట్టాను: "రెండేళ్ల కింద సకల జనుల సమ్మె అప్పుడు మానుకోటలో ఎడమ దవడ కింద గడ్డ తీశారు."

డాక్టరమ్మ దాన్ని పైకి చదివింది.

"గదా" అంది అమ్మీ, పైటకొంగు మెడకు సర్దుకుంటూ. "గది గడ్డనే కాదు మేడమ్. చింతగింజంత ఉండె. రిపోర్టుల ఏం లేదని అప్పుడే వచ్చింది."

"రిపోర్టు మీరు చూశారా?"

"నేనేం జూస్త. ఆయన జూసిండు."

అందరం అబ్బా వైపు చూశాం. "దుకాణం మారినప్పుడు పోయినట్టుంది" అన్నాడు.

దుకాణం మారింది ఆపరేషన్‌కు ముందు సంవత్సరం. నాకు తెలుసు. కొత్త దుకాణానికి బోర్డు మీద అక్షరాలు రాసిచ్చింది నేనే.

డాక్టరమ్మ దూది తీసుకుని అమ్మీ నాలుక మీద కుడివైపు తాకించింది, తర్వాత ఎడమవైపు. "తెలుస్తోందా?"

"అటు దిక్కు మొద్దువారింది మేడమ్. ఏడాదైంది. చాయ్ కాలినా తెల్వది. కోసినప్పుడు నరం దెబ్బ తిన్నదేమో అనుకున్న."

"కోసినప్పుడే మొద్దుబారిందా, తర్వాతా?"

అమ్మీ ఆలోచించింది. "తర్వాతనే. శానా దినాలైనంక."

ఆమె ఏదో రాసుకుంది. ఊపిరితిత్తిలోని గుండ్లలో ఒకదాన్నుంచి సూదితో ముక్క తీయాలంది. పాత రిపోర్టు ఎట్లాగైనా వెతికి తెమ్మంది. చివరి మాట అబ్బాను చూసి అన్నది.

సూది పరీక్ష రోజు అమ్మీ స్కాన్ బల్ల మీద బోర్లా పడుకుంది. ఊపిరి బిగపట్టమంటే బిగపట్టి, వదలమంటే వదిలింది. అరగంటలో అయిపోయింది. నర్సు బయటికొచ్చి వేలంత సీసా ఒకటి అబ్బాకు అందించింది. అడుగున దారం పోగుల్లాంటి రెండు మూడు ముక్కలు, చుట్టూ ఘాటైన మందునీళ్లు. రెండు వీధుల అవతల ల్యాబులో ఇచ్చి రమ్మంది. మా దగ్గర ఇది మామూలే, తీసిన ముక్కను ఇంటివాళ్లే మోసుకుపోవాలి.

అబ్బా చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "నువ్వే పట్టుకో బేటా. నాకు చెయ్యి చెమట వడ్తుంది."

చలికి అందరూ శాలువాలు కప్పుకుని ఉన్నారు. నేను సీసా తీసుకుని నడిచాను. దారి పొడవునా అబ్బా నాకు పది అడుగుల వెనకే నడిచాడు.

వారం తర్వాత ల్యాబులో పెద్దాయన నన్ను లోపలికి పిలిచాడు. "చదువుకున్నదానివి గద, చూస్తవా?" అని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టాడు. గులాబీ రంగు మైదానంలో ముదురు చుక్కలు, వాటి మధ్య గుండ్రటి రంధ్రాలు. పిండి జల్లించే జల్లెడను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"ఉమ్మి ఊరే గ్రంథులల్ల వచ్చే జాతి ఇది. శానా తక్కువ మందికి వస్తది. అయితే అరుదుగ గాలి గొట్టంల గూడ ఇట్లాంటిదే పుడ్తది. మీ అమ్మకు దవడ కింద తీసిన ముక్కల గూడ ఇదే ఉంటే, అంతా ఒకటే రోగం, దారి తెలిసినట్టే. అది వేరైతే మళ్ల మొదటి నుంచి వెతకాలె. ఆ పాత ముక్క ఏ ల్యాబుల చూసిండ్రో అక్కడ మైనం దిమ్మల దాచి ఉంటది. పదేండ్లైనా ఉంటది. పోయి అడుగుండ్రి."

అంటే రిపోర్టు కాగితం పోయినా ఫరవాలేదు, ముక్క ఉంటుంది. ఆ మాట అబ్బాకు చెబితే సంతోషించాలి. ఆయన, "ఏ ల్యాబో యాదికి లేదు" అన్నాడు.

అబ్బా కాగితం పారేసే మనిషి కాదు. ఆయన రేకు పెట్టెలో నా ఒకటో తరగతి మార్కుల చీటీ ఉంది. ఎప్పుడో రద్దయిన రేషన్ కార్డు ఉంది. ఆయన నమాజుకు పోయినప్పుడు ఆ పెట్టె మొత్తం తీశాను. మానుకోట దవాఖాన మందుల చీటీలు కూడా ఉన్నాయి, పిన్ను కొట్టి, వరుసగా. రిపోర్టు ఒక్కటే లేదు.

తర్వాత నా పాత డైరీలు తీశాను. ఆపరేషన్‌కు మేమంతా మానుకోట పోయి దాదీ ఇంట్లో ఉన్నాం. దాదీ అంటే అబ్బా వాళ్ల అమ్మ, ఇప్పుడు లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు, గడ్డ మామూలుదిగానే కనిపిస్తోంది గానీ ఎందుకైనా మంచిది వరంగల్ ల్యాబుకు తీసుకుపొమ్మని సీసా ఇచ్చాడు. అది నేను రాసుకున్నాను. దాని కింద వరుసగా వారం రోజులు: "ఈ రోజూ బస్సుల్లేవు." "రైలు పట్టాల మీద వంటలు వండుతున్నారట." "దాదీకి సీసా వాసన పడటం లేదు." తర్వాత ఒక రోజు, "అబ్బా సీసా ఇచ్చి వచ్చాడు." అదే పేజీలో రెండు గీతల పైన, నా అక్షరాల్లోనే, "ఈ రోజూ రైళ్లు బంద్" అని ఉంది.

ఆయన ఏ బండి ఎక్కి పోయినట్టు? అప్పుడు ఆ రెండు వాక్యాలు పక్కపక్కనే రాసి కూడా నాకు అనుమానం రాలేదు.

మరుసటి రోజు గ్రంథాలయానికని చెప్పి రైలెక్కి మానుకోట పోయాను. ఒంటరిగా అంత దూరం పోవడం మొదటిసారి. దవాఖానలో మందుల గది ముందు ఒక పెద్ద వయసు సిస్టరమ్మ కూర్చుని ఉంది. ఈసారి కాగితం కుదరదు. నోటితోనే అడిగాను. రెండుసార్లు అడిగాక ఆమెకు వినిపించింది.

"ఆపరేషన్ యాదికి లేదు గాని ఆ సమ్మె దినాలు యాదికున్నయ్. సెలైన్ సీసాలు గూడ రాకపాయె" అంటూ పాత రిజిస్టరు తెచ్చింది. వేలితో వరుసలు వెతికి ఒక చోట ఆగింది. ముక్క భర్తకు ఇచ్చినట్టు రాసి ఉంది. పక్కన అబ్బా ఉర్దూ సంతకం. సూదితో కుట్టినట్టు, ఒంపులు తిరిగి, నాకు బాగా తెలిసిన సంతకం.

ఆమె వరంగల్ ల్యాబుకు ఫోను చేసి తారీఖు, పేరు చెప్పింది. చాలాసేపు ఫోను పట్టుకుని ఉండి పెట్టేసింది. "రానే రాలేదంటున్నరు బిడ్డా. ఆ నెల మా దవాఖాన నుంచి ఒక్కటి గూడ పోలేదట."

"వేరే ల్యాబుకు ఇచ్చిండేమో."

"మీ నాయిననే అడుగు. సీస తనంతట తాను నడిచి పోదు గద."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఒకే మాట నమిలాను. ఆయనకు తెలుసు. వేరే ఎక్కడో చూపించాడు, చెడ్డ మాట విన్నాడు, దాచాడు. రెండేళ్లకు పైగా తెలిసి ఆమె ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. అట్లా అనుకోగానే ఆయన చేసిన మంచి పనులన్నీ సాక్ష్యాలుగా మారిపోయాయి. నీళ్ల బిందె ఎత్తనీయకపోవడం, ఎందుకో తెలుసు. జ్యూస్ బండి దగ్గర ఆమె ఒక్కదానికే బత్తాయి రసం, ఎందుకో తెలుసు. ఆమె దగ్గితే మిషన్ ఆపి వినడం, అదీ తెలుసు. ఒక మనిషి ప్రేమను నేరంగా చదవడానికి జనగామ వచ్చేంత దూరం సరిపోయింది.

దుకాణంలో ఆయన ఒక్కడే ఉన్నాడు. మిషన్ నడుస్తోంది.

"అబ్బా, నేను మానుకోట పోయిన."

కాలు ఆగింది. చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది.

"సీస ఎక్కడ?"

ఆయన సూది కింది నుంచి బట్ట తీసి, దారం తెంపి, మడత పెట్టాడు. మడత సరిగా లేదని విప్పి మళ్లీ పెట్టాడు.

"బస్సుల్లేవు బేటా. రైళ్లు ఆపిండ్రు. వారం దినాలు ఆ సీస అల్మారల ఉన్నది. మీ దాదీ ఒకటే పోరు, మనిషి ముక్క గట్ల నీళ్లల్ల తేలుకుంట ఉండొద్దు, మట్టికి ఇయ్యాలె అని. మా చిన్నాయన వేలు మిల్లుల తెగితే గూడ బొందవెట్టి వచ్చిండ్రు. నాకు గూడ గదే సరి అనిపిచ్చింది. మీ అమ్మీ ఒంట్లది గద. ల్యాబుల ఎవడో ముక్కలు కోసి చెత్తల పారేస్తడు. డాక్టర్ గూడ మామూలు గడ్డ లెక్కనే ఉన్నదన్నడు. తెల్లబట్టల చుట్టి, ఖబ్రస్తాన్ల మీ దాదా కాళ్లకాడ పెట్టి, ఫాతిహా చదివి వచ్చిన."

"మరి రిపోర్ట్ వచ్చిందన్నవ్."

"పది దినాలైనంక మీ అమ్మీ అడిగింది. ఏం లేదన్న. ఏం లేదనే అనుకున్న. దాచింది ఏం లేదు బేటా. నాకు తెల్వంది తెలిసినట్టు చెప్పిన, గంతే."

ఆయనకు తెలిసి దాచాడని నేను కోపం సిద్ధం చేసుకుని వచ్చాను. ఆయనకు ఏమీ తెలియదు. ఎవరికీ ఏమీ తెలియలేదు. నా కోపం ఎటు పోవాలో నాకు అర్థం కాలేదు. తెలిసి దాచి ఉంటే, కనీసం ఎక్కడో ఒక కాగితం ఉండేది.

ఇంటికొచ్చి అమ్మీకి ఆయనే చెప్పాడు. నన్ను చెప్పనీయలేదు. అమ్మీ బియ్యం ఏరుతూ వింటోంది. చెయ్యి ఆగలేదు.

"అంటే నన్ను కిస్తుల లెక్క బొందవెడ్తున్నవన్నట్టు" అంది.

అబ్బా కింద పడ్డ గింజలు ఏరి చేటలో వేశాడు.

"ఎవరి కాళ్లకాడన్నవ్?"

"మా అబ్బా కాళ్లకాడ."

"మంచిగున్నది. బతికున్నన్ని దినాలు నా చాయ్ ఆయనకు నచ్చకపాయె. ఇప్పుడు నా గడ్డ ఆయన కాళ్లకాడ." చేట పక్కకు పెట్టి లేచింది. ఆ రోజు నుంచి ఆయనతో నేరుగా మాట్లాడలేదు. ఏదున్నా నాతో చెప్పించేది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా, "అన్నం తింటడా అడుగు" అనేది.

హన్మకొండలో డాక్టరమ్మకు జరిగింది నేనే చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. ఆమె పెన్ను మూత పెట్టింది.

"మట్టిలో పెట్టినదాన్ని తీసి చూడలేం. అక్కడ మిగిలింది ఏమైనా ఉందేమో చూద్దాం."

ఈసారి మెడకు, మొహానికి ఎంఆర్‌ఐ తీశారు. అమ్మీ ఆ గొట్టం లాంటి యంత్రంలోంచి బయటికొచ్చి, "పెండ్లి బ్యాండు తలకాయల పెట్టినట్టున్నది" అంది. డాక్టరమ్మ నన్ను తెర దగ్గరికి పిలిచి కుడివైపు చూపించింది. నాలుకకు పోయే నరం ఎక్కడో వెతికితే తప్ప దొరకనంత సన్నగా ఉంది. ఎడమవైపు అదే నరం పాత ఆపరేషన్ చోటు నుంచి పైకి, మెరుస్తూ, లావుగా, పురికొస తాడులా పాకుతోంది.

"ఈ జాతి గడ్డకు నరం వెంట నడిచే అలవాటు ఉంటుంది. నాలుక తర్వాత మొద్దుబారింది అన్నారు కదా, అందుకే. గాలి గొట్టం శుభ్రంగా ఉంది. ఊపిరితిత్తిలో దొరికిన జల్లెడ లాంటి గడ్డ ఇక్కడి నుంచి పోయిందే. పాత ముక్క లేకపోయినా ఇక నాకు అనుమానం లేదు."

నాకు ఉంది. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఆమె విసుక్కోకుండా చూపించింది. పేరు రాసిమ్మంటే రాసిచ్చింది: ఆడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. టీబీ మాత్రలు ఆ రోజే ఆపించింది. ఇది మెల్లగా నడిచే రోగమనీ, ఊపిరితిత్తుల్లో ఉన్నవాటిని కొన్ని నెలలకొకసారి స్కాన్‌లో కనిపెట్టి ఉండాలనీ, ముందు మెడకు హైదరాబాద్‌లో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాలనీ చెప్పింది. పూర్తిగా పోతుందని మాత్రం అనలేదు.

"అప్పుడే తెలిసుంటే?" అని అడిగాడు అబ్బా. తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అప్పుడే మెడకు కరెంటు పెట్టేవాళ్లం. ఊపిరితిత్తులకు రాకుండా ఉండేదా అంటే, నేను చెప్పలేనండీ. ఎవరూ చెప్పలేరు."

ఆయన ఆమె మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. ఆమె మాటలో ఎంత జాలి, ఎంత నిజం అని కొలుస్తున్నట్టు.

హైదరాబాద్ పోయే రోజు ఊపిరితిత్తి ముక్క స్లైడు, మైనం దిమ్మ ఉన్న డబ్బాను చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. రైలు కదిలాక అబ్బా, "జర ఇటియ్యి, నేను పట్టుకుంట" అన్నాడు.

"వద్దబ్బా."

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ మాట అన్నందుకు నేను గర్వపడటం లేదు. ఇచ్చి ఉండవలసిందని కూడా అనుకోవడం లేదు. అమ్మీ కిటికీలోంచి బయటికి చూస్తోంది. రైలు పెట్టెలో ఎవరో రాష్ట్రం వచ్చినట్టేనంటే, ఇంకొకరు కాగితం చేతికొచ్చేదాకా నమ్మొద్దన్నారు.

క్యాన్సర్ దవాఖానలో కౌంటరు వెనక గుమాస్తా ఫారం నింపుతున్నాడు. డబ్బా తీసుకుని నంబరు వేశాడు. "మొదటి ఆపరేషన్ ఎన్నడు?" చెప్పాను. "ఆ ముక్క రిపోర్టు? స్లైడు?"

నేను నోరు తెరిచాను. రైలంతా తయారు చేసుకున్న మాట, సమ్మెలో పోయింది అనే మాట, నాలుక చివరే ఉంది.

అబ్బా నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చాడు. "లేదు సార్."

"పోయిందా?"

"పోలేదు. ల్యాబుకు ఇయ్యలేదు. బొందవెట్టిన. నేనే."

గుమాస్తా తలెత్తాడు. వరుసలో మా వెనక ఉన్నవాళ్లు మాటలు ఆపారు. "అట్లనే రాయాల్నా?"

"అట్లనే రాయుండ్రి సార్. డాక్టర్లకు తెల్వాలె."

అతను రాసి, కాగితం ఇటు తోసి, వేలితో చోటు చూపించాడు. అబ్బా సంతకం పెట్టాడు. నిజంగా అదే రాశాడా, లేక మమ్మల్ని తొందరగా పంపించడానికి ఇంకేదైనా గీకాడా అని నేను కౌంటరు మీదికి వంగి చూశాను. తలకిందులుగా ఉన్న అక్షరాలు ఒక్కొక్కటే చదివాను. ఆయన చెప్పిందే ఉంది.

బెంచీ మీద నుంచి అమ్మీ లేచింది. లోపల నర్సు ఆమె పేరు పిలుస్తోంది. అమ్మీ నా వైపు కాదు, అబ్బా వైపు తిరిగింది.

"ఇగో, పిలుస్తున్నరు. నువ్వు గూడ రా. ఏమంటరో నీ చెవులతోని నువ్వే ఇను."